కువైటు పోయే బిడ్డకు పెద్దనాయన మాట

పాపా,

నువ్వు కువైటు పోతున్నావని మీ నాయన చెప్పినాడు. వద్దనడానికి ఇది రాయడం లేదు. వేసిన బోర్లు ఎండిపోయి, పసుపు మీద పెట్టిన పెట్టుబడి తిరిగి రాక, వడ్డీ మీద వడ్డీ ఎక్కుతా ఉంటే, నువ్వూ మీ ఆయనా కూర్చుని తెగించి తీసుకున్న నిర్ణయం అది. మైదుకూరు, బద్వేలు, రాయచోటి, రాజంపేట, ఏ పక్కకు పోయినా కువైటు డబ్బుతో లేచిన మిద్దె కండ్లబడుతుంది. వాటిలో శానా మిద్దెల వెనక ఆడబిడ్డల రెక్కల కష్టం ఉంది. ఇన్నేండ్లు బడిలో పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, వాళ్ల పిల్లలకు కూడా పాఠం చెప్పినాను. తల్లి ఫోటో పుస్తకంలో దాచుకుని తరగతికి వచ్చే పిల్లలను చూసినాను.

నేను చెప్పేది ఒకటే. కూలికి పోతున్నానని మాత్రమే అనుకో, అమ్ముడుపోయినానని యాడా అనుకోవద్దు. మనిషిగా నీకున్న హక్కులు చెన్నై విమానాశ్రయం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోవు, నీతోపాటే విమానం ఎక్కుతాయి. అవి ఎట్లా వచ్చినాయో, ఏ కాగితంలో ఏం రాసుందో తెలుసుకుని పో. తెలిసినదాని నోట్లో మాట వేరే ఉంటుంది.

దేశం దాటి కూలికి పోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి పోయిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ రేవుకు చేరింది. అందులో మన తెలుగోళ్లు ఉన్నారు. చెరకు తోటల్లో అయిదేండ్లు చేస్తామని ఒప్పందం మీద వేలిముద్రలు వేసి పోయినవాళ్లు. కూలి నెలకు పది షిల్లింగులు. పని వదిలి పోతే నేరం, జైలు. ఆ కాగితంలో ఏముందో చదువుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో నువ్వే ఊహించుకో. ఆ తర్వాత 1876లో ధాత కరువు వచ్చి మన కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. తిండి లేని కాలంలో ఏ కాగితం ముందు పెట్టినా మనిషి వేలు చాపుతాడు. నీ వెనక అప్పు ఉంది కాబట్టే ఈ మాట నీకు చెబుతున్నా.

ఒప్పందం తీరిపోయినాక ఆడనే నిలిచిపోయినవాళ్ల మీద అక్కడి ప్రభుత్వం ఏటా మూడు పౌండ్ల పన్ను వేసింది. నెలకు పది షిల్లింగుల లెక్కన అది ఆరు నెలల కూలి. 1913లో గాంధీ పిలుపుతో గనుల్లో, తోటల్లో వేలమంది పని ఆపి రోడ్డెక్కినారు. ఆడోళ్లు కూడా జైళ్లకు పోయినారు. మరుసటేడే ఆ పన్ను పోయింది. 1917లో మన దేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడలెక్కించడమే ఆగిపోయింది.

ఈ కథలో తర్వాతి భాగం నాకు శానా ఇష్టం. మనకు ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. ఐక్యరాజ్య సమితి అప్పుడే పుట్టింది. 1946లో విజయలక్ష్మీ పండిత్ సర్వసభ్య సభలో నిలబడి, ఆ కూలీల బిడ్డలకు, మనవళ్లకు దక్షిణాఫ్రికా చేస్తున్న అన్యాయాన్ని ప్రపంచం ముందు పెట్టింది. వాళ్లు యాడంటే ఆడ భూమి కొనకూడదని ఆ ఏడాదే అక్కడ చట్టం చేసినారు. ఇది మా దేశపు సొంత వ్యవహారం, మీరెవరు అడగడానికి అని వాళ్ల ప్రధానమంత్రి స్మట్స్ వాదించినాడు. మూడింట రెండు వంతుల ఓట్లతో మన మాట నెగ్గింది. గడప లోపల ఏం చేసినా బయటివాళ్లు అడగరాదనే వాదానికి ఆ రోజు పెద్ద బీట పడింది. గడప అనే మాట గుర్తుపెట్టుకో, నీ పని గడప లోపలే కాబట్టి మళ్లీ దాని దగ్గరికి వస్తా.

రెండేండ్లకు, 1948 డిసెంబరు 10న, పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందింది. అనుకూలంగా 48 దేశాలు ఓటు వేసినాయి. ఎనిమిది దేశాలు ఓటు వేయకుండా పక్కకు తప్పుకున్నాయి. వాటిలో దక్షిణాఫ్రికా ఉంది, సౌదీ అరేబియా ఉంది. కాదనడానికి మాత్రం ఒక్క దేశమూ చెయ్యెత్తలేదు. దాన్ని రాసిన కమిషన్‌లో మన దేశం తరఫున హంసా మెహతా కూర్చుంది. మొదటి అధికరణంలో మగవాళ్లను మాత్రమే చెప్పినట్టు ఉండకూడదు, మనుషులందరూ అని ఉండాల అని ఆమె పట్టుబట్టింది. అట్లానే రాసినారు. పరాయి దేశంలో పనికి పోయే ఆడమనిషివి కాబట్టి ఆమె పేరు నీకు తెలిసి ఉండాల.

ఆ ప్రకటనలో ముప్పై అధికరణాలు ఉన్నాయి. అన్నీ నీకు ఇప్పుడు అక్కరలేదు. నాలుగోది ఎవరినీ బానిసగా ఉంచుకోకూడదంటుంది. పదమూడోది ఏ దేశాన్నయినా విడిచిపోయే హక్కు, తన దేశానికి తిరిగి వచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉందంటుంది. ఇరవై నాలుగోది విశ్రాంతి గురించి: పని గంటలకు ఒక హద్దు, జీతంతో కూడిన సెలవులు. తిరిగి రావడం, నిద్రపోవడం కూడా హక్కులేనా అని నీకు అనిపించవచ్చు. ఆడికి పోయినాక ఈ రెండింటి విలువే అన్నిటికంటే ముందు తెలుస్తుంది.

ప్రకటన అంటే చట్టం కాదు. దాన్ని దేశాలు కట్టుబడే ఒడంబడికలుగా రాయడానికి 1966 దాకా పట్టింది, అవి అమలుకు రావడానికి ఇంకో పదేండ్లు. మన దేశం 1979లో చేరింది, కువైటు 1996లో చేరింది. ఇంటి పని చేసేవాళ్ల దగ్గరికి రావడానికి మాత్రం ఇంకా ఆలస్యం జరిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ఫ్యాక్టరీ కూలీకి రోజుకు ఎనిమిది గంటలని రాసింది. ఇంట్లో పనిచేసే ఆడమనిషికంటూ ఒక ఒడంబడిక, 189వది, 2011లో గానీ రాలేదు. మధ్యలో తొంభై రెండేండ్లు. దాన్ని మొదట ఆమోదించిన దేశం ఉరుగ్వే, రెండోది ఫిలిప్పీన్స్. ఫిలిప్పీన్స్ ఆడోళ్లు కూడా నీ మాదిరి గల్ఫ్ ఇండ్లకు పనికి పోయేవాళ్లే. మన దేశం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. లక్షలమందిని పంపే దేశం మనది. ఈ విషయంలో మన ప్రభుత్వాలు చేసింది అన్యాయమని నేను అనుకుంటా, యాడైనా అదే చెబుతా.

ఎందుకు ఇంత ఆలస్యమైందంటే గడప వల్లనే. ఫ్యాక్టరీకి తనిఖీ అధికారి పోతాడు. పొలంలో కూలి తక్కువ ఇస్తే నలుగురు చూస్తారు. ఇంటి లోపలికి ఎవరూ పోరు. మన తెలుగు నేల మీద ఈ సంగతిని గట్టిగా చెప్పినవాడు బాలగోపాల్. లెక్కల్లో డాక్టరేటు చేసి, వరంగల్లులో కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగం విడిచి, ఊరూరూ తిరిగి నిజాలు సేకరించి రాసినాడు. మన సీమ ఫ్యాక్షన్ల గురించి కూడా రాసినాడు. పోలీసులు, ప్రభుత్వం చేసే అన్యాయాన్ని మాత్రమే అడిగితే చాలదు, కులం చేసేదాన్నీ ఇల్లు చేసేదాన్నీ కూడా హక్కుల ఉద్యమం అడగాల అన్నాడు. ఆ దారిలోనే 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడింది. 2009లో ఆయన పోయినాడు. ఫ్యాక్షన్ ఊర్లలో పెరిగిన నా వయసువాళ్లకు ఆయన మాట బాగా తెలుసు. పెద్ద వాకిలి లోపల ఏం జరిగినా, బయట ఉన్న మనం తల వంచుకుని పోవడం నేర్చుకున్న ఊర్లు ఇవి.

ఇంక నువ్వు పోయే దేశం చట్టం సంగతి. దీన్ని రెండుసార్లు చదువు.

కువైటు 2015లో ఇండ్లలో పనిచేసేవాళ్ల కోసమే ఒక చట్టం చేసింది. దాని అంకె 68. ఆడ ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే ఆ అంకె చెప్పు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, అందులోనే విశ్రాంతి కూడా ఇయ్యాల. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి ముప్పై రోజులు జీతంతో సెలవు. ఒప్పందం ముగిసినాక చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చేతిలో పెట్టాల. నిన్ను తెచ్చుకోవడానికి అయిన ఖర్చును నీ జీతంలో పట్టుకోకూడదు. నీ ఒప్పుదల లేకుండా నీ పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పెట్టుకోకూడదు. మరుసటేడు, 2016లో, నెలకు అరవై దినార్లకు తగ్గకూడదని కూడా నిర్ణయించినారు.

పన్నెండు గంటలంటే తక్కువేమీ కాదు. పేపరు మీద ఉన్నదంతా ప్రతి ఇంట్లో జరుగుతుందని నేను నీకు మాట ఇయ్యలేను. తెల్లవారుజామున లేచి, పిల్లలు పడుకుని, వచ్చిన చుట్టాలు పోయినాక అర్ధరాత్రి గిన్నెలు కడిగినవాళ్లు మన ఊర్లోనే ఉన్నారు, వాళ్లను అడుగు. మంచి ఇండ్లు కూడా ఉన్నాయి. పదేండ్లు, పదిహేనేండ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ పిల్లల పెండ్లిండ్లు చూసి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఏ ఇల్లు పడుతుందో ముందే తెలియదు కాబట్టే చట్టం తెలిసి ఉండాల.

పాస్‌పోర్టు తీసి ఒకసారి చూడు. నువ్వు తొమ్మిదితోనే బడి మానేసినావు, పదో తరగతి పాస్ కాలేదు. కాబట్టి అందులో ఇ.సి.ఆర్. అని ఉంటుంది. అంటే పనికోసం కువైటు మాదిరి దేశాలకు పోయే ముందు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు నుంచి అనుమతి తీసుకోవాల. ఇంటి పనికి పోయే ఆడమనిషికి ముప్పై ఏండ్లు నిండి ఉండాల. నీకు నిండినాయి. అట్లాంటి ఆడోళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రానికి అట్లాంటి సంస్థ ఓంక్యాప్. ఏజెంటు ఈ దారి చుట్టు తిరుగుడు, విజిట్ వీసా మీద పంపిస్తా, ఆడికి పోయినాక మార్చుకోవచ్చు అంటే, ఎంత మెత్తగా చెప్పినా వినొద్దు. విజిట్ వీసా మీద పోయినదానికి ఒప్పందం ఉండదు, బీమా ఉండదు, ఆమె ఆడ పనిచేస్తున్నట్టు మన ప్రభుత్వం దగ్గర లెక్క కూడా ఉండదు. ఏదైనా అయితే ముందు ఆమెనే తప్పు చేసినట్టు నిలబెడతారు. బీమా అంటే గుర్తొచ్చింది, ప్రవాసీ భారతీయ బీమా యోజన అని ఒకటి ఉంది. రెండేండ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల బీమా. అనుమతి తీసుకుని సరైన దారిలో పోయేవాళ్లకు అది తప్పనిసరి.

ఏజెంటు తన ఖర్చంతా అప్పుగా రాయించుకుని, మొదటి కొన్ని నెలల జీతం నాదే అంటే అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండు. నా చిన్నప్పుడు మన ఊర్లో నా ఈడు పిల్లవాడు ఒకడు రెడ్డి ఇంట్లో జీతానికి ఉండేవాడు. వాళ్ల నాయన తీసుకున్న అప్పుకు వాడు గొడ్లు కాసేవాడు. ఏడాదికేడాది అప్పు అట్లనే ఉండేది, వాడు మాత్రం పెరిగి పెద్దవాడై సేద్యగాడైనాడు. ఒక్కరోజు కూడా నా పక్కన బడి బల్ల మీద కూర్చోలేదు. మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిచాకిరీ నేరమని 1950లోనే రాసింది. దాన్ని నిజంగా పట్టుకుని అప్పుకు చాకిరీ చేయించుకోవడాన్ని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చింది. కనీస కూలికంటే తక్కువ ఇచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీనే అని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పిల్లవానికి అవన్నీ ఆలస్యంగా వచ్చినాయి. నీకు ముందే వచ్చి ఉన్నాయి. అప్పు కాగితం మీద నీ జీతం రాసియ్యొద్దు.

పోయేముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితం అన్నిటికీ జిరాక్సులు తీసి ఒక కట్ట మీ ఆయన దగ్గర, ఒక కట్ట నా దగ్గర పెట్టు. ఫోన్లో ఫోటోలు తీసి మీ తమ్మునికి కూడా పంపు. ఆడ ఇచ్చే సివిల్ ఐడీ కార్డు ఫోటో కూడా వచ్చిన రోజే పంపు. నువ్వు పనిచేసే ఇంటివాళ్ల పేరు, ఇంటి చిరునామా, వీధి, బ్లాకు నంబరు మాకు చెప్పాల. కువైట్లో ఉంది అంటే సరిపోదు. బిడ్డ యాడుందో తెలియక, ఏ గుమ్మం ముందు నిలబడి అడగాలో తెలియక ఏడ్చిన తల్లులను చూసినాను.

జీతం నీ పేరు మీద బ్యాంకులో పడాల. ఇక్కడ కూడా నీ ఒక్కదాని పేరు మీద ఒక ఖాతా తెరువు. మీ ఆయన మంచివాడే, నాకు తెలుసు. అయినా నీ చెమట లెక్క నీ చేతిలో ఉండాల. ఇంటికి ఎంత పంపాలో, ఎంత దాచుకోవాలో నువ్వే తేల్చుకో. అడిగిన ప్రతివాళ్లకూ బంగారం తెచ్చిపెట్టే పని పెట్టుకోవద్దు.

ఆ ఇంటివాళ్లు వేరే మతంవాళ్లు. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా పక్కన పెట్టుకున్న బ్రహ్మంగారి మఠం పక్కన పెరిగినదానివి, వాళ్ల వంటగదిలో అడుగు పెట్టడానికి నీకు జంకు ఉండదు. వాళ్ల నమాజు వేళను గౌరవించు, రంజాన్ నెలలో పగలు వాళ్ల ముందు తినొద్దు. నీ దేవుణ్ణి నువ్వు మనసులో మొక్కుకోవడం ఎవరికీ అపచారం కాదు. అరబ్బీ మాటలు తొందరగా నేర్చుకో. నొప్పి, నిద్ర, జీతం, వద్దు, ఇంటికి పోవాల. ఈ అయిదూ మొదటి వారంలోనే రావాల.

దెబ్బ కొట్టినా, జీతం ఆపినా, మీద చెయ్యి వేసినా ఓర్చుకోవద్దు. ఓర్పు ఆడదానికి అందమని మన ఇండ్లలో చెప్పి పెంచినాము. ఆ పాఠం నీకు పనికిరాదు. కానీ గోడ దూకి ఏ తెలిసినవాళ్ల గదిలోనో దాక్కోవద్దు. అట్లా పోతే పారిపోయిందని ఇంటివాళ్లు కేసు పెడతారు, నీ న్యాయం కాస్తా నేరమవుతుంది. నేరుగా మన ఎంబసీకి పో. ఇండ్లలో ఇబ్బంది పడి వచ్చిన ఆడోళ్లు ఉండడానికి ఆడ ఆశ్రయం ఉంది. ఇంటి పనివాళ్ల ఫిర్యాదులు వినడానికి కువైటు ప్రభుత్వం ఆఫీసు కూడా ఉంది. ఈడి నుంచి మేము విదేశాంగ శాఖవాళ్ల మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెడతాం. 2015 నుంచి అది ఉంది, మైదుకూరులో కూర్చునే పెట్టవచ్చు. ఏజెంటు మోసం చేసి, ఇక్కడ పోలీసులు కేసు తీసుకోకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాస్తాం. అది 2021లో కర్నూలుకు వచ్చింది. తెలుగులో తెల్లకాగితం మీద రాస్తే చాలు, ఫీజు లేదు. జరిగిన ఏడాది లోపల రాయాల, అంతే.

ఇంకొకటి, నా మనసును శానా రోజులుగా కోసేది. కువైటు పోయి వచ్చిన ఆడమనిషిని మన ఊర్లో ఒక రకంగా చూస్తారు. ఆమె కట్టించిన మిద్దె నీడలో కూర్చునే ఆమె గురించి అరుగుల మీద గుసగుసలాడుతారు. ఆమె పంపిన డబ్బుతో చదువుకున్న కొడుకే పెండ్లి సంబంధాలప్పుడు తల్లి ఆడ ఉందని చెప్పడానికి సిగ్గుపడడం నేను చూసినాను. గౌరవం, పేరుప్రతిష్ఠల మీద ఎవరూ దాడి చేయకూడదని అదే ప్రకటనలో పన్నెండో అధికరణం ఉంది. దాన్ని కువైటువాళ్లకు చెప్పే ముందు మన వీధిలో చెప్పాల. నీ విషయంలో ఆ పని నేను చేస్తా. నా ఎదురుగా ఎవరూ నోరు జారరు. పిల్లల బడి సంగతి మీ అత్త, నేను చూసుకుంటాం. పెద్దదానికి లెక్కలు రావడం లేదని చెప్పినావు, సాయంత్రం మా ఇంటికి పంపు.

ఏజెంటు ఇచ్చిన ఒప్పందం అరబ్బీలో, ఇంగ్లీషులో ఉందని మీ నాయన అన్నాడు. సంతకం పెట్టొద్దు, ఆ కాగితం తీసుకుని ముందు మా ఇంటికి రా. ఇంగ్లీషు నేను చదివి చెబుతా. అరబ్బీకి మసీదులో హజ్రత్ సాబును అడుగుదాం, కాదనడు. జీతం ఎంత రాసినారు, సెలవు రాసినారా, తిరుగు టికెట్టు ఎవరు పెట్టుకోవాల, రెండు భాషల్లోనూ ఒకటే ఉందా లేదా, నలుగురం కూర్చుని వరుస వరుస చూద్దాం. శుక్రవారం నమాజు అయిపోయినాక అయితే ఆయనకు తీరిక ఉంటుంది.

మీ పెద్దనాయన